అంకె ముందు గీత

పేర్లు రద్దు చేయాలి. ఇది కోపంలో అంటున్న మాట కాదు. బాగా నిద్రపట్టిన మర్నాడు, కాఫీ తాగి, కళ్ళద్దాలు తుడుచుకుని మరీ రాస్తున్నాను. మనుషులకీ వస్తువులకీ పేర్లు పెట్టడం మానేసి తలా ఒక ఐడీ తగిలిస్తే ఈ లోకం బాగుపడుతుంది.

పేరు వల్ల ఒరిగిందేమిటి? మా వీధి మధ్యలో నిలబడి "మాస్టారూ" అని పిలిచి చూడండి. ఐదుగురు వెనక్కి తిరుగుతారు. వాళ్ళలో ఇద్దరు ఏ బడిలోనూ పాఠం చెప్పినవాళ్ళు కాదు. ఒకడైతే పాఠం విన్నవాడు కూడా కాదు. అదే నంబరు పిలిస్తే ఒక్కడే తిరుగుతాడు. మిగతా నలుగురి మెడలకీ శ్రమ తప్పుతుంది.

ఆస్పత్రిలో నా పేరు ఎవరికీ తెలియదు. అక్కడ నేను టోకెన్ అరవై రెండు. "అరవై రెండూ, చొక్కా విప్పండి" అంటారు. ఎంత హాయి! పేరున్నవాడైతే సిగ్గుపడాలి. అరవై రెండుకి సిగ్గేమిటి? కొరియర్‌వాడు ఫోన్ చేస్తే నంబరు చెప్పమంటాడు గానీ బాగున్నారా అనడు. బాగున్నామో లేదో ఆలోచించుకునే బాధ తప్పింది. మా అపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద "మూడొందల నాలుగు వారి కుళాయి కారుతోంది" అని రాశారు. మూడొందల నాలుగు అంటే నేను. పద్నాలుగు నెలల కిందటిదాకా మేము. నంబరు మాత్రం మారలేదు చూశారా? అదీ దాని గొప్పతనం.

మా పల్లెబడి మాస్టారు ఈ సంగతి యాభై ఏళ్ళ కిందటే కనిపెట్టాడు. ఒక్క గది, ఒక్క మాస్టారు, అరవై మంది పిల్లలం. పేర్లు గుర్తుపెట్టుకునే ఓపిక ఆయనకి లేదు. "పదకొండూ, లే. తొమ్మిదీ, వాడి వీపు మీద ఒకటి వెయ్యి" అనేవాడు. పదకొండు నేనే. తొమ్మిది నా పక్కన కూర్చునేవాడు. గట్టిగా కొట్టినట్టు చెయ్యెత్తి మెల్లగా వేసేవాడు.

ఇక నా వృత్తి చెప్పాలి. యంత్రాల రిపేరు పుస్తకాలు వేసే ఒక ఆఫీసులో ప్రూఫులు దిద్దుతాను. ముప్పై ఒక్కేళ్ళుగా అదే బల్ల, అదే ఎర్రసిరా. తప్పు కనిపిస్తే కొట్టేస్తాను. కొట్టేసింది తప్పు కాదని తర్వాత తెలిస్తే, దాని కింద చుక్కలు పెట్టి, అంచున "ఉంచాలి" అని రాయాలని మా పనిలో ఒక పద్ధతుంది. నేను ఒక్కసారి కూడా రాయలేదు. అవసరం రాలేదు.

నా భార్య నా ఎదురు బల్ల. పుస్తకంలో ఏ పేరాకి ఏ నంబరు వేయాలో, ఏ పేరా చదివినవాడు ఇంకే పేరా చూడాలో చెప్పడం ఆవిడ పని. కుట్టుమిషను రిపేరు పుస్తకానికి ఇరవై ఆరేళ్ళు నంబర్లు వేసింది. రిపేరు చేసేవాళ్ళకి అవి నోటికొచ్చు. దారం తెగితే రెండొందల పది. బాబిన్ తిరగకపోతే ఐదొందల మూడు. ఆవిడ పోయిన పన్నెండో రోజున ఆ కుర్చీ మీద కొత్త ప్రింటర్ పెట్టారు. ఆవిడ ఉద్యోగి నంబరు డెబ్భై మూడు ఖాళీగా ఉంది కదా అని అదే స్టిక్కరు ప్రింటర్‌కి అంటించారు. పొదుపైన ఆఫీసు మాది.

నా బామ్మర్ది, అంటే ఆవిడ తమ్ముడు, అక్కడే ఫోన్లెత్తుతాడు. రిపేరు మధ్యలో చిక్కుపడ్డవాళ్ళకి పేరా నంబరు చెప్పి గట్టెక్కించడం వాడి ఉద్యోగం. వాడి ఎడమ బొటనవేలి గోరు ఇప్పటికీ రెండుగా చీలి పెరుగుతుంది. ఒకప్పుడు మా ఇంట్లో మిషను సూది దగ్గర స్క్రూ బిగిస్తూ కాలు పెడల్ మీదే ఉంచాడు. సూది గోట్లోంచి దిగింది. మర్నాడు వాళ్ళక్క పుస్తకంలో ఒక పేరా చేర్చింది. "సూది స్క్రూ ముట్టుకునే ముందు కాలు పెడల్ మీంచి తీయండి." దాని నంబరు 417. నా గోట్లోంచి పుట్టిన పేరా అది అని, వాడు ఆఫీసుకొచ్చిన ప్రతివాడికీ వేలు చూపిస్తాడు. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడిక్కూడా చూపించాడు.

ఇలా ఉండగా కుట్టుమిషన్ల కంపెనీ కబురు పంపింది. పుస్తకం ఇక కాగితం మీద వద్దు, ఎక్స్‌ఎంఎల్‌లో కావాలి, అది కూడా సోమవారానికల్లా.

ఎక్స్‌ఎంఎల్ అంటే కంగారు పడకండి. పుస్తకాన్ని పేరా పేరాగా విడదీసి, ఒక్కో పేరాని ఒక్కో పెట్టెలో పెట్టి, పెట్టె మీద చీటీ అంటించడం. ఆ చీటీయే ఐడీ. ఒక ఫైలులో రెండు పెట్టెలకి ఒకే చీటీ ఉండకూడదు. చీటీ మధ్యలో ఖాళీ ఉండకూడదు. ఇంతే అనుకుని మా ఇంజనీరమ్మాయి పాత నంబర్లనే చీటీలుగా ఎక్కించి మీట నొక్కింది. యంత్రం వెయ్యీ తొంభై మూడు తప్పులు చూపించింది. పుస్తకంలో ఉన్న పేరాలు కూడా సరిగ్గా వెయ్యీ తొంభై మూడే. ఒక్క పుస్తకంలో అన్ని తప్పులు నేనెన్నడూ పట్టలేదు. యంత్రం మీద గౌరవం కలిగింది.

"మర్చిపోయాను సార్. ఐడీ అంకెతో మొదలవకూడదు," అంది అమ్మాయి. "అక్షరంతో మొదలవ్వాలి. లేకపోతే..."

"అక్షరం. అర్థమైంది. చాలమ్మా," అన్నాడు మేనేజరు. ఆయన ఏ వాక్యాన్నీ చివరిదాకా విన్నవాడు కాదు. అందుకే మేనేజరయ్యాడు.

వెంటనే కమిటీ వేశాడు. మేనేజరు, ఇంజనీరమ్మాయి, బామ్మర్ది, నేను.

"దీనికి కమిటీ ఎందుకండీ," అన్నాడు బామ్మర్ది. "నంబరు ముందు ఒక అక్షరం తగిలిస్తే సరిపోయె. అక్క నంబర్లు అక్క నంబర్లుగానే ఉంటాయి."

ఏ అక్షరమన్నదానికి ఒక పూట పట్టింది. తన పేరులో మొదటి అక్షరం బావుంటుందని మేనేజరుకి తోచింది. ఓనరుగారి పేరులో మొదటి అక్షరం బావుండదా అని టీ తెచ్చినాయన అడిగాడు. దాంతో మేనేజరుకి అక్షరాల మీదే విరక్తి పుట్టింది.

"అసలు ఆ పాత నంబర్లే దండగ," అన్నాడు. "చివరి నంబరు పదకొండొందల నలభై. పేరాలేమో వెయ్యీ తొంభై మూడు. మధ్యలో నలభై ఏడు నంబర్లు లేనే లేవు. పళ్ళూడిన నోరులా ఉంది. కంపెనీవాళ్ళు చూస్తే ఏమనుకుంటారు? మీరేమంటారు సీనియర్‌గారూ?"

"ఆ మాట నేను ఇరవై ఆరేళ్ళుగా అంటున్నాను," అన్నాను.

నిజమే. ఏదైనా పేరా తీసేస్తే దాని నంబరు ఆవిడ ఇంకో పేరాకి ఇచ్చేది కాదు. ఖాళీగా వదిలేసేది. సర్దమని నేను, సర్దనని ఆవిడ. పోయినవాళ్ళతో వాదన గెలిచే అవకాశం ఎవరికి దొరుకుతుంది? నాకు దొరికింది. పాత నంబర్లు పోవాల్సిందేనని చెయ్యెత్తాను.

"నువ్వు కూడానా బావా," అన్నాడు బామ్మర్ది. ఆ రోజు మళ్ళీ నాతో మాట్లాడలేదు. అదీ ఒక లాభమే.

ఇక చూడండి, కొత్త ఐడీల వైభవం.

మొదటి పథకం మేనేజరుది. పేరా శీర్షికే ఐడీ. చీటీ చదివితే పెట్టెలో ఏముందో తెలిసిపోవాలన్నాడు. శీర్షికల్లో ఖాళీలున్నాయని యంత్రం తోసేసింది. ఖాళీలు తీసేశారు. సూదివిరిగిపోతే, దారంచిక్కుపడితే, బెల్టుతెగిపోతే. ఎవరో మనల్ని శపిస్తున్నట్టుంది. అయినా యంత్రం ఒప్పుకోలేదు. ముప్పై ఎనిమిది పేరాలకి "జాగ్రత్త" అనే ఒకే శీర్షిక ఉందట. మేనేజరు వెనకాడలేదు. జాగ్రత్త, మహాజాగ్రత్త, మరీజాగ్రత్త అని తొమ్మిదిదాకా లాక్కొచ్చాడు. పదోదానికి "ఇంకచెప్పను" అని పెట్టాడు.

ఆ సాయంత్రం నేను ఒక శీర్షికలో అచ్చుతప్పు దిద్దాను. శీర్షిక మారింది కాబట్టి ఐడీ మారింది. దానికి దారి చూపించే ఆరు పేరాలు దారి తప్పాయి. తప్పు దిద్దడమే తప్పయ్యే కాలం వచ్చిందని సంతోషించాను. నా వృత్తికి ఇంతకన్నా మంచి ముగింపు ఏముంటుంది?

రెండో పథకం వరస. మొదటి పేరా ప1, రెండోది ప2, చివరిదాకా అంతే. ఖాళీల్లేవు, గొడవల్లేవు. నున్నగా ఉంది. యంత్రం కూడా ఒప్పుకుంది. మర్నాడు మేనేజరు తన ముందుమాటొకటి రాసి మొదట్లో పెట్టాడు. కుట్టుమిషనుకీ మానవజాతికీ ఉన్న సంబంధం గురించి. దాంతో అందరూ ఒక మెట్టు కిందికి జరిగారు. సూది మార్చడం కోసం వెళ్ళినవాడికి మిషను అమ్మేముందు తుడుచుకునే విధానం ఎదురైంది. నూనె ఎక్కడ పోయాలో చూడబోతే మేనేజరు ఫొటో వచ్చింది.

మూడోది కాలాన్ని బట్టి. పెట్టె తయారైన క్షణమే దాని ఐడీ. తేదీ, గంట, నిమిషం, సెకను, ముందొక అక్షరం. ఒకే క్షణంలో రెండు పుట్టవు కదా అన్నాడు మేనేజరు. యంత్రం ఒక్క సెకనులో మూడొందల పెట్టెలు చేసి పారేసింది. మూడొందల కవలలు. వాళ్ళకి ఒకటే చీటీ.

నాలుగోది అన్నింటిలోకీ గొప్పది. కంప్యూటరే తనకి తోచిన అంకెల్నీ అక్షరాల్నీ కలిపి ముప్పై ఆరు గుర్తుల పొడుగు ఐడీ ఇస్తుంది. లోకం అంతమయ్యేదాకా అలాంటిది ఇంకోటి పుట్టదట. సగానికి పైగా అంకెతో మొదలయ్యాయని యంత్రం మొదట తోసేసింది. అన్నింటికీ ముందు ఒకే అక్షరం పెట్టారు. ఈసారి ఏ అక్షరమని ఎవరూ అడగలేదు, అంతా అలిసిపోయారు. యంత్రం ఒప్పుకుంది. మేనేజరు అందరితో చేతులు కలిపాడు.

ఆ మధ్యాహ్నమే ఒక టైలర్ ఫోన్ చేశాడు. బామ్మర్ది స్పీకర్ పెట్టాడు. కమిటీ అంతా చుట్టూ చేరాం.

"అన్నా, సూది స్క్రూ వదులైపోయింది. బిగిస్తున్నా, కూర్చోవట్లేదు. ఏం చూడమంటావు?"

బామ్మర్ది 417 అనబోయి, మేనేజరు మొహం చూసి ఆగాడు. కొత్త జాబితా తీశాడు.

"రాసుకో తమ్ముడూ. ఎఫ్, ఏడు, మూడు, డీ, సున్నా, సున్నా, తొమ్మిది, బీ, మధ్యలో అడ్డగీత..."

"ఏంటన్నా, నాకేమైనా లాటరీ తగిలిందా?"

"పేరా ఐడీ. రాసుకో. నాలుగు, ఈ, ఒకటి..."

"ఒక చెయ్యి స్క్రూ మీదుంది. ఒక చెయ్యి ఫోన్ మీదుంది. దేంతో రాసుకోమంటావు?"

"మరి కాలెక్కడుంది?"

"పెడల్ మీద. ఇంకెక్కడుంటుంది?"

"తియ్యరా బాబూ, ముందు కాలు తియ్యి! నాలుగొందల పదిహేడు!"

"ఓ, అదా. అలా చెప్పొచ్చుగా. తీశా."

ఫోన్ పెట్టేశాక బామ్మర్ది తన బొటనవేలు మేనేజరు ముందు పెట్టాడు. ఆ వేలు మేనేజరు ఎన్నోసార్లు చూశాడు. ఈసారి కాస్త ఎక్కువసేపు చూశాడు.

తర్వాత వాడు లోపలికెళ్ళాడు. కుర్చీ మీద ప్రింటర్‌కి ఎత్తు చాల్లేదని దాని కింద ఏవో పుస్తకాలు పెట్టారు. అందులోంచి అట్ట చిరిగిన రిజిస్టరొకటి లాక్కొచ్చి ఇంజనీరమ్మాయి ముందు పెట్టాడు.

"మా అక్కది. అసలు నంబర్లు ఇందులో ఉన్నాయి. ఏదో ఒకటి చెయ్యమ్మా. రేపెవడైనా కాలు తియ్యకపోతే నేను ఏ వేలు చూపించను?"

అమ్మాయి నాలుగు పేజీలు తిప్పింది. అద్దాలు సర్దుకుని మళ్ళీ మొదటి పేజీకి వచ్చింది.

"సార్, ప్రతి నంబరు ముందూ ఈ గీత ఏమిటి?"

నంబరు పాదం దగ్గర, ముందుగా, నేలబారుగా చిన్న గీత. ఒకటి ముందుంది. రెండు ముందుంది. పదకొండొందల నలభై ముందు కూడా ఉంది.

"ఇది అండర్‌స్కోర్ సార్. మొదటిరోజు చెప్పబోయాను. ఐడీ అక్షరంతో మొదలవ్వాలి, లేకపోతే అండర్‌స్కోర్‌తోనైనా మొదలవ్వొచ్చని." మేనేజరు కిటికీలోంచి ఏదో ముఖ్యమైనదాన్ని చూశాడు.

అమ్మాయి గీతలతో సహా ఎక్కించింది. _1 నుంచి _1140 దాకా. మీట నొక్కింది. తప్పులు సున్నా.

"మరి ఆ ఖాళీల సంగతో?" అన్నాడు మేనేజరు, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"ఖాళీలు అలాగే ఉండాలి సార్. పాత పుస్తకాలు ఇంకా జనం దగ్గరున్నాయి. తీసేసిన పేరా నంబరు కొత్తదానికిస్తే, వాళ్ళు ఒకటి వెతికితే ఇంకోటి తగులుతుంది. ఒకసారి ఇచ్చిన ఐడీ మళ్ళీ ఎవరికీ ఇవ్వకూడదు. మాకు ఇది కాలేజీలో చెప్పారు. మేడం ఎక్కడ చదువుకున్నారు?"

"మా ఊళ్ళో," అన్నాడు బామ్మర్ది. "ఎనిమిదిదాకా."

నా పక్కన కూర్చునే తొమ్మిది, నాలుగో తరగతిలో జ్వరంతో పోయాడు. నెల తిరక్కుండా కొత్తగా చేరినవాడికి మాస్టారు తొమ్మిది ఇచ్చాడు. "తొమ్మిదీ" అంటే కొత్తవాడు లేచి నిలబడేవాడు. మేమంతా తలలు దించుకునేవాళ్ళం. వాడు నన్ను నిజంగానే గట్టిగా కొట్టేవాడు. పెళ్ళైన కొత్తలో ఒకసారి ఈ సంగతి ఆవిడకి చెప్పాను. నంబర్ల మధ్య ఖాళీలు వదలడం ఆవిడ ఎప్పుడు మొదలుపెట్టిందో రిజిస్టరు చూస్తే తెలుస్తుంది. నేను చూడలేదు.

"ఒకటడుగుతా చెప్పు బావా," అన్నాడు బామ్మర్ది. "అక్క ఇన్ని గీతలు పెట్టింది కదా. అచ్చు పుస్తకంలో ఒక్కటీ లేదేం?"

ఎనిమిది ముద్రణలు. ప్రతిసారీ ఆవిడ పెట్టింది. ప్రతిసారీ ప్రూఫులో నేను కొట్టేశాను. మొదటిసారి మాత్రం ఎందుకీ గీత అని అడిగాను. "సూది సైజు పద్నాలుగు, పేరా నంబరు పద్నాలుగు, రెండూ కలిసిపోతున్నాయి. చూసేవాడికి తెలియొద్దూ?" అంది. "చూసేవాడేమైనా గుడ్డివాడా?" అన్నాను. రెండోసారి నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. గీత పెట్టడం మాత్రం మానలేదు.

"ప్రూఫుల్లో పోయుంటాయి," అన్నాను.

"ఆహా," అన్నాడు వాడు. చీలిన గోరు చూసుకుంటూ కూర్చున్నాడు.

ఫైలు మొదట్లో ఐడీల పథకం ఎవరిదో రాయాలట. కమిటీ అని రాయమన్నాడు మేనేజరు. కాదు, ఆవిడది రాయమన్నాను. "సరే, ఉద్యోగి నంబరు వేద్దాం, డెబ్భై మూడు," అన్నాడు. డెబ్భై మూడు వేస్తే పథకం వేసింది ప్రింటర్ అవుతుందని బామ్మర్ది గుర్తుచేశాడు. పేరు రాయమన్నాను. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు. అమ్మాయి టైపు చేస్తుంటే వెనక నిలబడి ప్రతి అక్షరం చూశాను. పేర్లు రద్దు చేయాలన్న మాట వెనక్కి తీసుకోను. ఒక్క పేరు తప్ప.

ఆదివారం చివరి ప్రూఫు నా బల్ల మీదికొచ్చింది. దిద్ది ఇచ్చాను. గంట తర్వాత అమ్మాయి వచ్చి నిలబడింది.

"సార్, యంత్రం ఫైలు ఆపేసింది. ఒక తప్పు. నాలుగొందల పదిహేడు ముందు గీత లేదు. మీ కాగితంలో కొట్టేసి ఉంది, నేనలాగే దిద్దాను."

చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. ఇరవై ఆరేళ్ళ అలవాటు. ఒక్క గీత పోయినందుకు యంత్రం పుస్తకమంతా ఆపి కూర్చుంది. పెట్టేదాకా కదలనంది. పెట్టించాను.

అందుకే చెప్తున్నాను, పాఠకులారా, ఐడీలు వరం. మనిషి పక్కన కూర్చుని మెల్లగా చెబితే విననివాడు, యంత్రం ఎర్రగా ఒక్కసారి అడ్డం తిరిగితే వింటాడు. ఆవిడ ఒక్కసారైనా అలా అడ్డం తిరిగి ఉండాల్సింది. తిరగలేదు. నేను కొట్టేసిన గీతని తర్వాతి ముద్రణకి మళ్ళీ పెట్టేది. అడ్డం తిరగడమంటే అదేనని నాకు తెలియలేదు.

పాత ప్రూఫులు బీరువాలోనే ఉన్నాయి. మొదటి ముద్రణ కట్ట విప్పాను. పేరా ఒకటి. ఎర్రగా కొట్టేసిన గీత. దాని కింద చుక్కలు పెట్టి, అంచున "ఉంచాలి" అని రాశాను. ఈ కాగితాలు ఇక ఏ ప్రెస్సుకీ వెళ్ళవు. ఇంకా ఎనిమిది వేల పైచిలుకు గీతలున్నాయి. పెన్నులో సిరా ఉంది.